ఇంక యాడికి జరిగేది?

ముందు కిటికీ అద్దాలు అదిరేవి. లారీ చప్పుడు ఆ తరువాత వినబడేది. ఈ రెండింటికీ మధ్యనున్న కాస్త సందులో నరేంద్ర చెయ్యెత్తేవాడు. శివ కర్రలు ఆపేవాడు. జడ్సన్ గిటారు తీగల మీద అరచెయ్యి పరిచేవాడు. లారీ దాటిపోయేదాకా ముగ్గురూ గోడల వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. తరువాత మళ్ళీ మొదటినుంచి.

మా ఇంటి వెనకగదిలో వాళ్ళ ఆల్బమ్ అలా తయారైంది.

నరేంద్ర నా కొడుకు. ఒక్కడే. వాళ్ళ నాన్న వాడి చిన్నతనంలోనే పోయారు. మాది కోవూరు. కృష్ణపట్నం దగ్గరి ఈ జాలర్ల పాళేనికి తెలుగు టీచరుగా బదిలీ అయి, ఊరి చివర రోడ్డుపక్క ఇల్లు అద్దెకు తీసుకున్నాను. థర్మల్ కరెంటు కేంద్రంనుంచి బూడిద లారీలు పోయేది ఆ రోడ్డు మీదుగానే. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రం తీసేసరికి మళ్ళీ ఉతకాల్సి వచ్చేది.

శివ ఈ పాళెం కుర్రాడే. నా దగ్గర చదివాడు, ఇప్పుడు తండ్రితో చేపల వేటకు పోతాడు. జడ్సన్ రోడ్డు అవతలి కాలనీవాడు, చర్చిలో గిటారు వాయిస్తాడు. నరేంద్ర డిగ్రీ ముగించి వచ్చి, సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి పట్టుకుని వీళ్ళిద్దరినీ కూడగట్టాడు. నెల్లూరులో పెళ్ళి బ్యాండువాళ్ళు పారేసిన పెద్ద డ్రమ్మును శివ ఆటోలో వేసుకొచ్చాడు. మిగతా వాయిద్యాలు చేపల ఐసుపెట్టె మూత, రెండు స్టీలు పళ్ళేలు.

"మన బ్యాండుకి పేరేం పెడదాంరా?" అన్నాడు జడ్సన్.

"ఆ ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి చూడు," అన్నాడు నరేంద్ర.

"దుమ్ము."

"దుమ్ము కాదురా, బూడిద. అదే మన పేరు."

"ఆ పేరు పెట్టుకుంటే పెండ్లికి ఎవురు పిలుస్తారబ్బా?" అన్నాడు శివ. "సావుక్కూడా పిలవరు."

నవ్వారు. వంటింట్లో నేను కూడా నవ్వాను.

గదిలో గొంతు మార్మోగకుండా ఉండడానికి శివ వాళ్ళమ్మ మాలకొండమ్మ పాత వలలు ఇచ్చింది. వాటిని మందంగా మడిచి గోడలకు వేలాడదీశారు. ఇల్లంతా ఎండుచేపల వాసన. "వలలో చేపలు పడతాయి గానీ పాటలు పడతాయా టీచరమ్మా?" అని ఆమె తలుపు దగ్గర నిలబడి ఎగతాళి చేసింది.

పడ్డాయి. ఒక్కటి తప్ప అన్నీ పూర్తయ్యాయి. ఆ ఒక్కదాన్ని నరేంద్ర పాళెం మాటల్లోనే రాశాడు.

*బండొస్తా ఉండాది, పక్కకి జరుగు.*
*జరిగీ జరిగీ సముద్రంలో పడినాం.*
*ఇంక యాడికి జరిగేది?*

గొంతు, గిటారు రికార్డు చేయడం అయిపోయింది. డ్రమ్ము మిగిలింది. పాట పొడుగు, లారీల మధ్య ఎడం తక్కువ. శివ ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట అద్దాలు అదిరేవి. నరేంద్ర చెడిపోయిన ముక్కల్ని కూడా చెరిపేవాడు కాదు.

గిటారు తీగలు కొనడానికి నరేంద్ర నెల్లూరు వెళ్ళాడు. తిరిగి వస్తూ, ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇవ్వడానికి మోటారుసైకిలును రోడ్డు దింపి మట్టిలో ఆపాడు. రొయ్యల గుంట దగ్గర పనిచేస్తున్నవాళ్ళు చూశారు. లారీ అక్కడికీ వచ్చింది.

పోలీసుల కాగితంలో మాత్రం 'మోటారుసైకిలు అదుపు తప్పి మృతి' అని రాశారు. నిలబడి ఉన్న బండి అదుపు ఎలా తప్పుతుందని అడిగాను. రాసినాయన నా వంక చూడలేదు. చూసిన కూలీలు కూడా తరువాత చూడలేదన్నారు.

వాళ్ళు ఎందుకు మాట మార్చారో నాలుగు రోజుల్లోనే తెలిసింది. పాళెంలో దురాయి వేశారు. దురాయి అంటే కులపెద్దలైన పెద్దకాపులు కూర్చుని ఊరంతటికీ వేసే కట్టుబాటు. మనిషిని పంపి వీధివీధినా కేక వేయిస్తారు. దాటినవాడి పడవ నీళ్ళలోకి దిగదు. వాడింటి చేప ఎవరూ కొనరు. మామూలుగా వేట ఆపడానికి, తగవు తీర్చడానికి వేస్తారు. ఈసారి వేసిన దురాయి వేరు. లారీ సంగతి ఎవరూ ఎత్తకూడదు, టీచరమ్మ ఇంట్లో అడుగుపెట్టకూడదు, అప్పటికే ఊరంతా విన్న ఆ లారీ పాట పాడకూడదు, వాయించకూడదు.

పెద్దకాపు కామాక్షయ్య స్వయంగా వచ్చి నాకు చెప్పాడు. కుర్చీ వేశాను. టీ ఇచ్చాను.

"జరిగింది జరిగిపోయినాది టీచరమ్మా. లారీల కాంట్రాక్టరు రంగనాయకులు మంచోడు. ఊరికి మండపం కట్టిస్తానన్నాడు. దాని మీద మీ పిల్లోడి పేరు రాయిస్తాడంట."

"ఏమని రాయిస్తారు?"

"ఏమనేముంది? నరేంద్రబాబు జ్ఞాపకార్థం అని."

"ఏ లారీ కింద పోయాడో కూడా రాయిస్తారా?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "ఆ పాట మటుకు బయటికి రాగూడదు."

"అందులో ఉన్నది నా కొడుకు గొంతు, కామాక్షయ్య గారూ."

"అందుకే మర్యాదగా చెప్తా ఉండా. మీరు మా కులం గాదు, మీకు దురాయి లేదు. శివగాడికి ఉండాది."

టీ మొత్తం తాగి వెళ్ళాడు. తాగినందుకు కూడా నాకు కోపం వచ్చింది. నాకు అరవడం రాదు. క్లాసులో కూడా ఎప్పుడూ అరవలేదు. ఆ రోజు గ్లాసు కడుగుతుంటే చేతిలో పగిలింది.

మర్నాడు శివ వచ్చాడు. గడప దాటలేదు. రోడ్డు అంచునే నిలబడ్డాడు.

"నేను డ్రమ్ము కొట్టలేను మేడం. మా నాయన పడవ ఆపేస్తారు."

తల ఊపాను. ఊపానే గానీ, వాడి మీదా కోపమే. చెప్పులు లేని వాడి కాళ్ళ మీద కోపం. వాడు బతికి ఉన్నందుకు కోపం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

జడ్సన్ పాళెం మనిషి కాదు కనుక రాగలిగాడు. ఇద్దరం కూర్చుని చెడిపోయిన ముక్కలన్నీ విన్నాం. ప్రతిదీ ఒకేలా ముగుస్తుంది. డ్రమ్ము జోరుగా నడుస్తుంటుంది, అద్దాలు అదురుతాయి, నా కొడుకు గొంతు. "రేయ్ శివా, ఆగు. వస్తా ఉండాడు." మళ్ళీ డ్రమ్ము, మళ్ళీ అద్దాలు. "ఆగు. వస్తా ఉండాడు."

జడ్సన్ అన్నాడు. "మేడం, ఒకదాంట్లో మొదలుంది, ఇంకోదాంట్లో మధ్య ఉంది. అతికిస్తే పాటంతటికీ సరిపోతాది. లారీ చప్పుడు కొంచెం తీసేయొచ్చు."

"తీయొద్దు."

"పాట మధ్యలో వినబడతాది."

"వినబడనీ."

కానీ శివని అడగకుండా చేయకూడదు. దెబ్బ తగిలితే తగిలేది వాడికి. ఒడ్డుకు వెళ్ళాను. శివ, మాలకొండమ్మ వల బాగుచేస్తున్నారు. చుట్టుపక్కలవాళ్ళు మాటలు ఆపి నన్ను చూశారు.

"దురాయికి ముందు నువ్వు కొట్టిన ముక్కలున్నాయి. వాడుకుంటాం. నీ పేరు వేయంలే," అన్నాను.

శివ వల కింద పెట్టాడు. "పేరు వెయ్యకుంటే ఎవురు కొట్టినట్టు మేడం? దెయ్యమా? వెయ్యండి. కాపులు అడిగితే దురాయికి ముందు కొట్టినానని నేనే చెప్తా."

"పడవ ఆపేస్తే?"

వాడు తల్లి వంక చూశాడు. ఆమె వల మీదనుంచి తల ఎత్తలేదు. "వాడు చెప్పినాడు గదా టీచరమ్మా. పోయి పని చూసుకో," అంది.

జడ్సన్ అతికించాడు. పాటలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టాడు. గొంతు నరేంద్ర, గిటారు జడ్సన్, డ్రమ్ము శివ.

ఆదివారం పొద్దున చర్చినుంచి స్పీకరు తెచ్చాడు. వెనకగదిలోంచి లాప్‌టాప్ తీసి, రెండింటినీ ముందుగదిలో పెట్టాం. రికార్డు చేసినన్నాళ్ళూ తెరవని రోడ్డువైపు కిటికీని తెరిచాను. రెక్కల సందుల్లోంచి బూడిద నా చేతుల మీద రాలింది.

ఆ పాట మొదలైంది. చేపల తట్టలతో బస్సుకు పోతున్న ఆడవాళ్ళు నడక తగ్గించారు. కొందరు తలలు వంచుకుని దాటిపోయారు. మాలకొండమ్మ ఆగింది. తట్ట దించి రోడ్డు మీద పెట్టింది.

"గెట్టిగా పెట్టు టీచరమ్మా. నేను ఇంట్లోకి రానులే. ఈడే నిలబడి వింటా."

ఎదుటి టీ అంగట్లో కూర్చున్న కామాక్షయ్య లేచాడు. అటూ ఇటూ చూసి, కండువా దులుపుకుని నిలబడ్డాడు. ఇటు రాలేదు, కూర్చోనూ లేదు.

అప్పుడు కిటికీ అద్దాలు అదిరాయి. లారీ రోడ్డు మలుపు తిరిగింది. జడ్సన్ చెయ్యి అలవాటుగా స్పీకరు మీదికి పోయింది.

"ఆపొద్దు," అన్నాను.

లారీ హారన్ కొట్టింది. మాలకొండమ్మ తట్ట తీయలేదు. డ్రైవరు మళ్ళీ కొట్టాడు. లోపల నా కొడుకు, బయట లారీ, ఇద్దరి గొంతులూ కలిసి ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. లారీ ఆమె ముందు వచ్చి ఆగింది.

ఇంజను చప్పుడు తగ్గింది. నరేంద్ర మాటలు రోడ్డంతా వినబడ్డాయి.

*ఇంక యాడికి జరిగేది?*