పదిహేను సిట్టింగులు

కడియం నర్సరీల్లో అంటు కట్టే చేతులు వందలున్నాయి గానీ, వీరదుర్గ చేతికున్న పేరు వేరు. లేత మామిడి టెంకమొలకను చీల్చి, మంచి చెట్టు పుల్లను చెక్కి అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టేసరికి పక్కనున్నవాళ్ళు ఇంకా కత్తి తుడుచుకుంటూ ఉండేవారు. అంటు కట్టే పీట మీద కూర్చుంటే ఆవిడ ఎవరికీ తీసిపోదు.

అలాంటి చేతుల మీదికి సోరియాసిస్ వచ్చింది. రాజమండ్రి డాక్టరమ్మ ఇచ్చిన మందులతో అదుపులోనే ఉండేది. ఇంతలో ఉదయభాస్కర్ అనే పెద్దమనిషి మెయిన్‌రోడ్డు మీద ఎల్‌ఈడీ లైట్ థెరపీ సెంటర్ తెరిచాడు. మోకాళ్ళ నొప్పికీ, నడుము నొప్పికీ, మచ్చలకీ, మొటిమలకీ అన్నిటికీ ఒకటే ఎర్రలైటు. "ఆ మాత్రలూ పూతలూ మానెయ్యమ్మా. పదిహేను సిట్టింగుల్లో చర్మం అద్దంలా వస్తుంది" అన్నాడు. తెల్లకోటు చూసి నమ్మింది పిచ్చిమనిషి.

పన్నెండో సిట్టింగుకి అరచేతులు పగిలి నెత్తురు కారింది. "లోపలి రోగం బయటికొస్తోంది, మంచిదే" అన్నాడు. పదిహేనో దానికి కత్తి పట్టుకోలేకపోయింది. వెళ్ళి నిలదీస్తే, బెంచీ నిండా కూర్చున్న జనం ముందు ముక్కు మూసుకున్నాడు. "నీకు శుభ్రం లేదు. మురికికి లైటేం చేస్తుంది? ముందు దూరం జరుగు, అందరికీ తగిలిస్తావ్."

అది ఒకరినుంచి ఒకరికి వచ్చే జబ్బు కాదని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ మాట ఊరికెవరు చెబుతారు? నర్సరీలో ఆవిడ మంచినీళ్ళ గ్లాసు వేరైంది. యజమాని అప్పాజీ మొహమాటపడుతూనే పీట మీంచి లేపి, సంచుల్లో మట్టి నింపే పనికి పంపాడు. ఎరువు కలిసిన మట్టి పగుళ్ళలోకి దిగి మండినప్పుడల్లా వీరదుర్గ ఉదయభాస్కర్‌ని నోరారా తిట్టుకుంది.

మళ్ళీ రాజమండ్రి వెళ్తే డాక్టరమ్మ తల పట్టుకుంది. "చర్మానికి మేమూ లైటు వాడతాం. అది వేరే రకం, దానికో కొలత ఉంటుంది. అసలు మందులు మానెయ్యమన్నవాణ్ణి అనాలి." మళ్ళీ మందులు వాడి, చేతులు చక్కబడి, పీట దక్కేసరికి ఏడాది పట్టింది.

పీట దక్కిన నెలకే నర్సరీ ముందు కారు దిగాడు ఉదయభాస్కర్. రావులపాలెం దగ్గర తోట కొన్నాడట. రెండు వందల కొత్తపల్లి కొబ్బరి మామిడి మొక్కలు కావాలట.

"మంచి చెయ్యి చేత కట్టించండి అప్పాజీ గారూ."

"మా దుర్గ ఉందిగదండీ!"

వాడి మొహం చూడగానే ఆవిడకు ఒళ్ళు భగ్గుమంది. అయినా పుల్లలు కోయడానికి కొత్తపల్లి కొబ్బరి తల్లిచెట్టు వైపే నడిచింది. ఇరవై ఏళ్ళలో ఒక్క దొంగ అంటు కట్టిన చెయ్యి కాదది. వాడు వెనకే వచ్చాడు. తప్పైందమ్మా అని ఒక్కమాటంటే వదిలేసేదేమో.

వాడు ఆవిడ మోచేతి మచ్చలు చూశాడు. "ఏమ్మా, సోరియాసిస్సా? మా సెంటర్‌కి రా, పదిహేను సిట్టింగుల్లో పోగొట్టేస్తా. నీలాంటోళ్ళని వందమందిని బాగుచేశాను."

వాడికి ఆవిడ గుర్తే లేదు!

వీరదుర్గ తల్లిచెట్టు దాటి ముందుకు నడిచింది. పంపుషెడ్డు వెనక ఎప్పుడో టెంక పడి మొలిచిన చెట్టొకటుంది. దాని కాయంతా పీచు, పండినా పళ్ళు పులిసిపోయేంత పులుపు. అక్కడ ఆగి కత్తి తీసింది. ఆకులు దూసేస్తే ఏ పుల్లయినా ఒకటే.

"ఇదేనా తల్లిచెట్టు?"

"ఇదేనండి."

"కాపెప్పుడొస్తుంది?"

"నాలుగో ఏటికండి. అప్పటిదాకా పసిపిల్లల్లా సాకాలండి."

వాడు ఫోను ఆవిడ చేతికిచ్చి, ఆ చెట్టును కావిలించుకుని నిలబడ్డాడు. "వీడియో తియ్యమ్మా. మొదటి కాపు మా వియ్యాలవారింటికే!" ఆవిడ చెట్టంతా కనబడేలా తీసింది.

ఆ రోజంతా కూర్చుని కట్టింది. ప్రతి అంటుకీ లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అప్పాజీ పేరు పాడవుతుందనీ తెలుసు. తనను మట్టిలోకి తోసినప్పుడు ఆయన మాత్రం ఏం ఆలోచించాడు? పట్టీ బిగించి ఇంకో పుల్ల అందుకుంది.

మూడు నెలల తరవాత లారీకి ఎక్కిస్తూ అప్పాజీ నోరు వెళ్ళబెట్టాడు. రెండు వందల్లో ఒక్క మొక్కయినా చావలేదు. వీరదుర్గ తన జన్మలో అంత శ్రద్ధగా ఎప్పుడూ కట్టలేదు.