అతకని బ్రాకెట్టు

మేస్త్రీకి ఒక జబ్బుంది. చేసిన పని నలుగురూ చూసి ఆహా అనకపోతే ఆ పూట అన్నం సయించదు. వెల్డింగు చేసే చెయ్యి బంగారం, నేను కాదనను. కానీ గొప్పలు పోయే ఆ నోరుంది చూశారూ, దానికి మూత లేదు.

సిమెంటు బస్తాలు మోసి మోసి నడుం వంగిపోయిన పాత పికప్పు ఒకటి కొన్నాడు. దాన్ని బండరాళ్ళెక్కే బండిగా మారుస్తానన్నాడు. ఊరి చివర పాడుబడ్డ రాళ్ళ క్వారీ ఉంది. ఆదివారం వస్తే అలాంటి బండ్లవాళ్ళు పదిహేను మంది అక్కడ చేరతారు. మనిషి ఎక్కడానికే జంకే బండల మీదికి బండిని జానెడు జానెడుగా ఎక్కిస్తారు. పందెం లేదు, బహుమతి లేదు. ఎక్కామా, లేదా, అంతే. పిచ్చి కాకపోతే ఏమిటండీ ఇది అని అడిగితే నవ్వుతారు తప్ప మానరు.

బండి తయారవడానికి ఐదు నెలలు పట్టింది. వెనక పట్టీ స్ప్రింగులు పీకేసి చుట్ట స్ప్రింగులు వేశాడు. బ్రేకు గొట్టాలు పొడుగువి మార్చాడు. కడుపు కింద మందపాటి ఇనప రేకు బిగించాడు. మనిషి నడుం దాకా వచ్చే టైర్లు తగిలించాడు. పట్టీలు పోయాయి కాబట్టి వెనక ఇరుసు అటూ ఇటూ పోకుండా పట్టుకోవడానికి నాలుగు రాడ్లు కావాలి. ఒక్కో రాడ్డుకి ఇరుసు వైపు ఒకటి, చాసిస్ చట్రం వైపు ఒకటి బ్రాకెట్టు అతకాలి. మన గొడవంతా ఆ బ్రాకెట్ల దగ్గరే ఉంది.

బ్రాకెట్టుని ఒక్కసారే అతికెయ్యరు. ముందు రెండు చుక్కల వెల్డింగు పెట్టి నిలబెడతారు, దర్జీ కచ్చాకుట్టు వేసినట్టు. ఒక చక్రాన్ని జాకీ మీద ఎత్తి, రెండోదాన్ని వేలాడదీసి, ఏదీ దేనికీ తగలట్లేదని చూసుకున్నాకే చుట్టూ నిండుగా అతుకుతారు. చుక్కలు మాత్రమే పడ్డచోట మేస్త్రీ పసుపు సుద్దతో ఒక ఇంటూ గుర్తు గీస్తాడు. పని పూర్తయ్యాక తుడిచేస్తాడు. బండి అడుగున నల్లరంగు వేసేది వాళ్ళావిడ. సుద్ద గుర్తు కనబడితే ఆవిడ అక్కడ బ్రష్షు పెట్టదు. పదేళ్ళుగా ఆ షెడ్డులో అదే పద్ధతి.

ఒక శనివారం ఆ క్వారీ క్లబ్బువాళ్ళు బండి చూడ్డానికి వస్తున్నామన్నారు. అడుగున చూస్తే ఎనిమిది పసుపు గుర్తులు. మనవాడికి నామోషీ అయిపోయింది. పూర్తయిపోయిందని అందరికీ చెప్పుకున్నాడు మరి! తడిగుడ్డ తీసుకుని ఎనిమిదీ తుడిచేశాడు. నా పని నాకు గుర్తుండదా ఏంటి అనుకున్నాడు. వాళ్ళు వచ్చారు, చూశారు, ఆహా అన్నారు. మర్నాడు ఏడు అతికాడు. ఎనిమిదోదాని దగ్గరికి రాగానే ఎవరిదో ఫోను. బండి గురించి గంటసేపు ఊదరగొట్టి తిరిగొచ్చేసరికి ఆవిడ కుడివైపంతా నల్లగా పులిమేసింది. గుర్తు లేదు కదా, ఆవిడ తప్పేముంది? అంతా నల్లగా కనబడేసరికి ఎనిమిదీ అయిపోయాయనే మనవాడూ అనుకున్నాడు.

ఆవిడకో తమ్ముడున్నాడు. మేస్త్రీకి బామ్మర్ది. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. వారమంతా కిటికీ వెనక కూర్చుని రసీదుల మీద ముద్రలు గుద్దుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. పక్క సీటాయన కూడా పేరు పెట్టి పిలవడు. ఆదివారం క్వారీకి వస్తే మాత్రం అతనే రాజు. బండి బండ మీదికి ముక్కెత్తిందంటే డ్రైవరుకి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఎదురుగా నిలబడ్డ మనిషి చెయ్యి ఎటు చూపిస్తే అటు తిప్పాలి. ఆగమంటే ఊపిరి కూడా బిగబట్టి ఆగాలి. అలా నిలబడి దారి చూపడంలో బామ్మర్దిని మించినవాడు లేడు. "చేతులాయన వచ్చాడా?" అని అడిగాకే ఒక్కొక్కడూ ఇంజను స్టార్టు చేసేవాడు. ఆ ఒక్క మాట కోసమే అతను వారమంతా బతికేవాడంటే నమ్మండి.

కొత్త బండి మొదటి రోజు బావకి కూడా అతనే నిలబడ్డాడు. నడుమెత్తు మెట్టు లాంటి బండ అది. ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రాలు అంచుకి ఆనుకున్నాయి. బామ్మర్ది బావకి ఎడమవైపుగా చెయ్యి చాపి వేళ్ళు మెల్లగా ఆడించాడు. మేస్త్రీ స్టీరింగు ఎడమకి తిప్పి యాక్సిలేటర్ నొక్కాడు. కిందనుంచి టప్పుమని చప్పుడు, వెనక భాగం పక్కకి జారింది, బండి కుడివైపుకి పడుకుంది.

దెబ్బలేం తగల్లేదు. మేస్త్రీ కిటికీలోంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. వస్తూనే నోరు తెరిచాడు.

"ఎడమకి ఊపావేంట్రా! కుడికి పోవాల్సిన చోట ఎడమకి ఊపుతావా? చేతులా అవి, చీపురుకట్టలా?"

బామ్మర్ది తన చేతుల వంక చూసుకున్నాడు. "తప్పు చూపించానా బావా?"

"చూపించావు కాబట్టే కదా బండి పడుకుంది!"

"అయితే చూపించే ఉంటాను," అన్నాడు, పాపం.

రాయికి తప్పుగా కొట్టుకుని బ్రాకెట్టు ఊడిందని అందరూ అనుకున్నారు. ఆ రోజుకి మేస్త్రీ కూడా అలాగే అనుకున్నాడు. క్లబ్బుకి పెద్దదిక్కు ఒకాయనున్నాడు, క్రేను నడిపి రిటైరైన మనిషి. ఆయన మెత్తగానే చెప్పాడు. "కొన్నాళ్ళు వెనకుండు నాయనా. మనుషుల ప్రాణాలతో పని." బామ్మర్ది తలూపాడు.

సోమవారం పొద్దున షెడ్డులో మేస్త్రీ బండి కింద పడుకుని, బ్రాకెట్టు ఊడినచోట తీగ బ్రష్షుతో రుద్దాడు. రంగు పోయింది. కింద రెండు చుక్కలు. రెండే! మిగతాదంతా వెల్డింగు ముట్టని నున్నటి ఇనుము. బామ్మర్ది చూపించింది సరైన దారే. నిండుగా అతికుంటే బండి నవ్వుతూ ఎక్కేసేది.

అప్పుడే ఫోన్ తీసి చెప్పేస్తే పోయేది కదా? చెప్పలేదు. రెండు చుక్కల మేస్త్రీ అని పేరు పడుతుందని భయం. ఇక తన చేతి బండి ఎవడెక్కుతాడు? గ్రైండరు పట్టుకుని ఆ రెండు చుక్కలూ అరగదీసేశాడు. కొత్త బ్రాకెట్టు పెట్టి, ఈసారి నిండుగా అతికి, రంగు కూడా తనే వేశాడు. ఛీ, ఏం మనిషండీ! ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ వారం అద్దంలో మొహం చూసుకోకుండానే గడ్డం గీసుకున్నాడు, చెంప తెగింది.

తర్వాతి రెండు ఆదివారాలూ బామ్మర్ది మానకుండా వచ్చాడు. వెనకాల నిలబడి మంచినీళ్ళ క్యాన్లు అందించాడు. ఎవరూ చేతులాయనా అని పిలవలేదు.

మూడో వారం బుధవారం సాయంత్రం వాళ్ళావిడ క్యారియర్ సర్ది చేతికిచ్చింది. "తమ్ముడు సరిగ్గా తినట్లేదట. ఇచ్చి రండి. వాడిమీద కోపం పెట్టుకోకుండా వెళ్తున్నారు చూడండి, మీది పెద్ద మనసు." మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకున్నాడు.

బామ్మర్ది గది తలుపు తీసే ఉంది. లోపల అతను బీరువా అద్దం ముందు నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి చాపి "కుడి" అంటున్నాడు. ఎడమచెయ్యి చాపి "ఎడమ" అంటున్నాడు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. అరచేతుల్లో పెన్నుతో రాసుకున్నాడు, ఒకదాంట్లో కు, ఒకదాంట్లో ఎ. నలభై ఏళ్ళ మనిషి! బావని చూసి సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం లేదు బావా. ఊరికే. ఆఫీసులో కూడా ఈ మధ్య ముద్ర ఎటు వేస్తున్నానో అనుమానం వస్తోంది. నువ్వు ఎదురుగా ఉన్నావు కదా, నిజం చెప్పు. నేను ఎంత ఆలోచించినా, సరిగ్గానే చూపించినట్టు అనిపిస్తుంది. అదే నాకు భయంగా ఉంది."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? మేస్త్రీ క్యారియర్ బల్ల మీద పెట్టాడు. అతని భుజం తట్టాడు.

"పోనీలేరా. అయిందేదో అయింది. ప్రాక్టీసు చెయ్యి, అదే వస్తుంది."

"నువ్వు కాబట్టి ఇలా మాట్లాడుతున్నావు బావా," అన్నాడు బామ్మర్ది. అతని కళ్ళు తడిశాయి.

మెట్లు దిగుతుంటే మేస్త్రీకి తన మీద తనకే అసహ్యం వేసింది. అరిచి నింద వేసింది ఒక ఎత్తు. ఇప్పుడు పెద్దమనిషిలా క్షమించి వచ్చాడు, దానికేం పేరు పెట్టాలి? ఆ బుధవారం నుంచి ఆదివారం దాకా ముద్ద మింగుడు పడలేదు.

ఆదివారం క్వారీలో అందరూ చేరాక మేస్త్రీ తన బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. వాళ్ళావిడ కూడా ఉంది. "ఒక మాట చెప్పాలి," అన్నాడు. రెండుసార్లు దగ్గి, మొత్తం చెప్పేశాడు. సుద్ద గుర్తులు తుడిచింది, ఎనిమిదోది వదిలేసింది, రంగు కింద రెండు చుక్కలే ఉన్నది. "వాడు సరిగ్గానే చూపించాడు. తప్పు నాది. వాడిది కాదు."

ఒకాయన తన బండి కిందికి వంగి చూసుకున్నాడు. అది అతికింది కూడా మేస్త్రీయే. వాళ్ళావిడ మొగుడి వైపు చూసి, మొహం తిప్పేసుకుంది.

బామ్మర్ది నీళ్ళ క్యాను కింద పెట్టి ముందుకొచ్చాడు. "ఎప్పుడు తెలిసింది బావా?"

ఇవాళ పొద్దున్నే అంటే సరిపోయేది. ఎవడు చూడొచ్చాడు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పడిన మర్నాడే. సోమవారం," అన్నాడు మేస్త్రీ.

"అంటే బుధవారం మా ఇంటికొచ్చినప్పుడు..."

"తెలుసు."

బామ్మర్ది తిట్టొచ్చు, కాలర్ పట్టుకోవచ్చు, మేస్త్రీ దానికోసమే నిలబడి ఉన్నాడు. క్రేనాయన గొంతు సవరించుకుని, "చేతులాయనా, ముందు ఎవరి బండి ఎక్కిద్దామో నువ్వే చెప్పు," అన్నాడు.

బామ్మర్ది బండ పైకెక్కి నిలబడ్డాడు. "బావా, బండి తియ్యి. నీదే ముందు."

మేస్త్రీ ఎక్కి కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చేశాడు. బండి ముక్కెత్తింది. రాయి కనబడటం మానేసింది. ఎదురుగా బామ్మర్ది ఒక్కడే మిగిలాడు, అతని చేతులూ, వాటి పైన మొహం. దారి చూపేవాడి మీదనుంచి చూపు మళ్ళిస్తే బండి పడుతుంది. తల దించుకునే వీలు లేదు. బామ్మర్ది ఎప్పటిలాగే, అంగుళం కూడా తొందరపెట్టకుండా, ఎంతో జాగ్రత్తగా చేతులతో ముందుకి పిలుస్తున్నాడు. ఆ మెట్టు ఎక్కడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా మేస్త్రీ అతని మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.