చందూరు దాకా పోయిన గది

స్నేహలత రోజూ పొద్దున నల్లా నీళ్లు పట్టుకుని, ఒక్క మనిషికి సరిపడా బియ్యం కడిగి వెనక గదిలోని పొయ్యి మీద పెట్టి, అన్నం ఉడికేలోగా పక్కనే లాప్‌టాప్ తెరిచేది. హెడ్‌ఫోన్ తగిలించుకుంటే సాయంత్రం దాకా ఆమెది ఒకటే పని. ఇంట్లో వైఫై రావడం లేదని ఫోన్ చేసేవాళ్లకు దారి చెప్పడం.

"సార్, కింద కుడివైపు విసనకర్రలాంటి గుర్తు కనిపిస్తోందా? దాని మీద నొక్కండి. ఏమీ రాలేదా? రూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. నేను లైన్‌లోనే ఉంటాను."

కంపెనీ హైదరాబాద్‌లో ఉంది. పెళ్లి పెటాకులయ్యాక ఆమె ఆ నగరం విడిచి, తనను ఎవరూ ఏమీ అడగని ఊరు కావాలని బోధన్ వచ్చింది. నిజంగానే ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటి యజమానురాలు గంగమణి వరండాలో నలుగురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుట్టేది. స్నేహలత అటు వస్తే వాళ్ల మాటలు ఆగేవి, ఆమె దాటిపోగానే మళ్లీ మొదలయ్యేవి.

ఇల్లు కిరాయికిచ్చిన రోజే గంగమణి చెప్పింది. "ఎనుక రూముకు తిరుగుడు అలవాటు బిడ్డా. పగటీలి అప్పుడప్పుడు చెరుకు తోటల దిక్కు పోతది. దీపాలు వెట్టే యాల్లకు వస్తది. కిటికీ ఏసుకో, దుమ్ము వడతది."

నల్లా కారుతుందని చెబితే విన్నట్టే స్నేహలత ఆ మాటా విని తల ఊపింది.

గది పోతే ఆమె కూడా గదితో పాటే పోయేది. ఊరి బయట చెరుకు గట్టున అది ఆగేది. అక్కడ వైఫై ఉండదు, ఫోన్ కూడా పలకదు. మాట మధ్యలో తెగిన హెడ్‌ఫోన్‌ను చెవుల మీదే ఉంచుకుని, కిటికీలోంచి చెరుకు ఆకుల కదలిక చూస్తూ కూర్చునేది. సాయంత్రం ఇంటికి చేరాక ఫోన్ చూసుకుంటే, ఎటు పోయావని అడిగినవాళ్లు ఒక్కరూ ఉండేవారు కాదు. పైఅధికారి దీక్షిత పంపిన మెసేజ్ మాత్రం ఉండేది. "మళ్లీ లైన్ పోయింది స్నేహా గారూ. ఇంకోసారి ఇలా అయితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ముందు గదిలో కూర్చుందామంటే వరండా మాటలు కాల్‌లో వినబడతాయి, కంపెనీ ఒప్పుకోదు. అందుకని నెట్ కనెక్షన్ చూసే లింబయ్యను పిలిపించింది. అతను రూటర్ లైట్లు చూశాడు. లాప్‌టాప్‌లో పాత కనెక్షన్ తీసేసి మళ్లీ కలిపాడు. రూటర్‌ను గోడకు ఎత్తుగా బిగించాడు. అంతా బాగానే ఉందని అతను చాయ్ తాగుతుండగా నేల సన్నగా వణికింది. లింబయ్య గ్లాసుతో సహా గడప దాటి ముందు గదిలోకి దూకాడు. అక్కడి నుంచే కేకేశాడు. "అక్కా, ఫాల్ట్ నాది గాదు. రూమే బయటికి పోతే సిగ్నల్ ఏం జేస్తది?"

ఆమెతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కరున్నారు. చందూరు దగ్గర ఉండే రాజారాం. చెరుకు ట్రాక్టర్ బోల్తా పడి ఒక కాలు పోయినప్పటి నుంచి ఇంట్లో ఒక్కడే కూర్చుని లాప్‌టాప్‌లో పెండ్లి కార్డులు తయారు చేస్తాడు. వేరే గొంతు పలికితే పెట్టేసి, ఆమె గొంతు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేసేవాడు. ప్రతిసారీ ఒకటే ఫిర్యాదు, వైఫై రావడం లేదని. ప్రతిసారీ ఒకటే కారణం, లాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ అయి ఉండేది.

ఒకరోజు ఆమె అడిగేసింది. "మీరే ఆపుతున్నారు కదా రాజారాం గారూ?"

"ఆన్ల వెడితె మీరు ఫోన్ వెట్టేస్తరు గద మేడం" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. ఆ రోజు గుర్తు ఎక్కడుందో చాలా నిదానంగా చెప్పింది.

కోతలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది. "ఇయ్యాల నెట్ మంచిగనే ఉంది మేడం. లాప్‌టాప్ల ఉన్నదంత తుడిచెయ్యాలంటె ఎట్ల?"

"ఎందుకు సార్? అమ్ముతున్నారా?"

"లే. నా యెనుక ఎవరన్న తెరిచి సూస్తె బాగుండది. అందరి పెండ్లిళ్లు నా కాడనే ఉన్నయి."

నా యెనుక అన్న మాట దగ్గర ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఎలా తుడవాలో ఆమెకు నిద్రలో అడిగినా తెలుసు. చెప్పలేదు. "రాజారాం గారూ, ఒక్క నిమిషం. ఫోన్ పెట్టకండి. నేను లైన్‌లోనే..."

ఈసారి నేల ముందుగా వణకలేదు. ఆమె లేచేసరికే గడప అవతల ముందు గది లేదు, రోడ్డు ఉంది. హెడ్‌ఫోన్‌లో గరగర, ఆ తర్వాత అదీ లేదు.

"వద్దు, వెనక్కి పో! నీకు దండం పెడతా, ఇవాళొక్కరోజు!" అని ఆమె గోడను రెండు చేతులతో కొట్టింది. గది వినలేదు. ఎప్పుడూ ఆగే గట్టు దగ్గర కూడా ఆగలేదు. చెరుకు లారీల పక్కనుంచి, కాలువ మీదుగా, వరి మళ్ల గట్ల వెంట పోయి పోయి, ఒక రేకుల ఇంటి ముందు నిలబడింది.

ఎదురింటి ముసలామె భూమవ్వ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది. "ఎవరిదమ్మా గీ రూము? ఎడ్లబండ్లు పోయే తొవ్వ. జెర పక్కకు జరుపుమను." గది ఒక బారెడు పక్కకు జరిగింది.

రేకుల ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. పక్కన చంకకర్ర ఆనించి ఉంది. స్నేహలత రోజూ పిలిచే తీరులోనే పిలిచింది. "రాజారాం గారూ, లైన్‌లో ఉన్నారా?"

లోపల ఏదో కింద పెట్టిన చప్పుడైంది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మాసిన గడ్డంతో, గడప పట్టుకుని ఒక మనిషి నిలబడ్డాడు. ఆమె ముఖం అతనికి తెలియదు.

"మేడం?"

"లైన్ కట్ అయింది సార్. అందుకని..." అంతవరకే అనగలిగింది. మిగతా మాటలన్నీ కంపెనీ నేర్పినవి, ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఆమె అతని కళ్లలోకి చూసి తన ఇంటి భాషలో అడిగింది. "అన్నం తిన్నరా?"

అతను తల అడ్డంగా ఊపాడు. గడప మీదే కూలబడి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె తన గదిలోకి పోయి అన్నం గిన్నె, పప్పు తెచ్చింది. ఒక్క మనిషికి వండినది ఇద్దరూ తిన్నారు. అతను లోపల మంచం కింద పెట్టిన పురుగుల మందు సీసాను ఆమె ఏమీ అడగకుండా తీసుకుపోయి, వాకిలి చివర గుంట తవ్వి పూడ్చిపెట్టింది. తర్వాత అతను చాయ్ పెట్టాడు. కార్డుల మీద పేర్లు తప్పు రాసి తిట్లు తిన్న సంగతులు చెప్పాడు. తన పెళ్లి కార్డు ఏ రంగులో వేయించారో ఆమె చెప్పింది. ఆ సంగతి అంతకు ముందు ఆమెను ఎవరూ అడగలేదు.

పొద్దు వాలింది. గది గోడలు మెల్లగా కదిలాయి. లోపల లాప్‌టాప్, హెడ్‌ఫోన్, కుర్చీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మేడం, మీ రూము పోతాంది" అన్నాడు రాజారాం కంగారుగా.

"పోనీ."

గది వరి మళ్ల గట్టు మీద చిన్నదై, చెరుకు చాటుకు పోయింది. స్నేహలత కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"మరి మీరెట్ల పోతరు? ఆఖరి బస్సు గూడ పోయె."

"ఎందుకు పోవుడు?" అంది భూమవ్వ చాట దులుపుతూ ఎదురింటి నుంచి. "నా కాడ పండుకుంటది. ఓ బిడ్డా, ఏం కూర తింటవు?"

ఏం తింటావని అడిగే మనిషి లేక ఎంత కాలమైందో. స్నేహలత ఆలోచించి, సిగ్గుపడుతూ, "వంకాయ" అంది.