వచ్చే గురువారం

ఖర్జూరపు మట్టలు భగ్గుమన్నాయి. జౌహర్ డోలును మంటకు జానెడు దూరంలో పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ, బొటనవేలితో చర్మాన్ని తట్టి చూశాడు. ఇంకా మెత్తగానే ఉంది. ముహర్రక్ దీవిలో సముద్రపు తేమ అంతే మరి, కాచిన డోలు గంట తిరగకుండానే చచ్చుబడుతుంది.

ముప్ఫై ఏళ్ళుగా అతని పని ఇదే. గురువారం సాయంత్రం పాతకాలపు ముత్యాల వేట పడవలవాళ్ళు పాటల ఇంటికి చేరేసరికి ఆరు డోళ్ళూ ఖంగుమనాలి. వాళ్ళు పాడుతుంటే అందరి వెనకా నిలబడి వంత పాడతాడు. పొగకు ఎర్రబడ్డ కళ్ళు, కాలిన మచ్చల ముంజేతులు. మనిషిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. గొంతు మాత్రం వేరు. అది కనిపెట్టింది సాల్మీన్ ఒక్కడే.

సాల్మీన్ పడవల మీద పాడినవాడు. లంగరు ఎత్తేటప్పటి పాట పూర్తిగా వచ్చినవాడు ఊరు మొత్తానికి ఆయనొక్కడే మిగిలాడు. ఇవాళ అందరికంటే ముందే వచ్చి, గోడవార చాప మీద చతికిలబడ్డాడు.

“ఒరేయ్ జౌహర్, ఇవాళైనా నేర్చుకుంటావా?”

“డోళ్ళు కాచాలి బాబాయ్. వచ్చే గురువారం తప్పకుండా.”

“నీ వచ్చే గురువారాలన్నీ పోగేస్తే నాకు ఇంకో ఆయుష్షు వచ్చేదిరా! చర్మం చల్లారితే మళ్ళీ కాచుకుంటావు. నన్ను ఏ మంట మీద కాస్తావు?”

జౌహర్ నవ్వేశాడు. ఇష్టం లేక కాదు, పాపం. నలుగురి ముందు ఒక్కడే నోరు తెరవాలంటే భయం. డోళ్ళు కాచేవాడికి ఈ సరదా ఏమిటంటారని భయం.

వెనక సాల్మీన్ సన్నగా పాట ఎత్తుకున్నాడు. మూడో చరణానికి జౌహర్ గొంతు దానంతటదే కదిలింది. సిగ్గేసి దిగమింగుకున్నాడు.

“ఆగు బాబాయ్, ఈ ఒక్కటీ బిగిసిందంటే వచ్చేస్తా.”

పాట ఆగింది. కాసేపటికి డోలు ఖంగుమంది. సంతోషంగా వెనక్కి తిరిగాడు. సాల్మీన్ తల గోడకు వాలిపోయి ఉంది, నోరు కొంచెం తెరిచే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఖననం అయిపోయింది. నలభై రోజులు ఆ వీధిలో డోలు మోగకూడదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని, “నేనే ఆగమన్నాను,” అన్నాడు జౌహర్. వాళ్ళు భుజం తట్టి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక చాప ఎత్తితే, కింద కొత్త ఖాళీ క్యాసెట్ ఒకటి కనిపించింది. పైన మెరుపు కాగితం కూడా విప్పలేదు. ఆ కాగితం మీదే, సాల్మీన్ వంకర అక్షరాల్లో: లంగరు పాట, పాడినవాడు జౌహర్.