నొప్పి తెలియనివ్వని కర్ర

నేను ఒక పూల్ కర్రను. ఆట ఆడించే హాలువాళ్ళు క్యూ అంటారు. పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద తెల్లబంతిని పొడిచి, దాని చేత రంగుబంతుల్ని బల్ల అంచున ఉన్న జేబుల్లోకి నెట్టించడం నా పని. అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ పొడవు. కాళ్ళూ చేతులూ లేవు, నోరు అసలే లేదు. నోరు లేనందుకు మొదట్లో నేనేమీ బాధపడలేదు. కర్రకు మాటలెందుకు అనుకునేదాన్ని.

నన్ను చేసింది కాకినాడ జగన్నాథపురంలో ఉండే లక్కోజు కనకాచారిగారు. ఆయన అసలు పని మృదంగాలకు మొద్దులు తొలచడం. మృదంగాలు అడిగేవాళ్ళు తగ్గిన రోజుల్లో, మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన పూల్ హాలువాళ్ళు విరిగిన కర్రలు తెచ్చి అతికించమన్నారు. అతికిస్తూ అతికిస్తూ వాటి లోపలి సంగతంతా తెలుసుకుని ఆచారిగారు కొత్తవే చేయడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం జన్మలో ఒక్క ఆట ఆడలేదు. పెద్దవాళ్ళు కర్రలు పుచ్చుకుని గోళీలాట ఆడతారేమిటి అని నవ్వేవారు.

నన్ను చేయించుకున్నది దంగేటి వీరభద్రంగారు. దర్జీ. సూట్లకూ షేర్వాణీలకూ ఊళ్ళో ఆయన తరవాతే ఎవరైనా. కళ్ళు మూసుకుని గుడ్డ అంచును కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఇది నూలా, ఉన్నియా, కల్తీయా చెప్పేసేవారు. జనం పనిగట్టుకుని గుడ్డలు తెచ్చి పరీక్ష పెట్టి, ఓడిపోయి, అక్కడే కుట్టించుకుని వెళ్ళేవారు. ఆ రెండు వేళ్ళ మీదే ఆ కొట్టు నడిచేది. సాయంత్రం ఆరు కాగానే కొట్టు భార్య చక్రవేణిగారికి అప్పగించి, ఒక గంట హాల్లో ఆడి వచ్చేవారు.

ఒకరోజు ఆయన ఆచారిగారి ఇంటి అరుగు మీద కూర్చుని కుడిచెయ్యి విదిలించుకుంటూ తన బాధ చెప్పారు.

"బంతి కొట్టగానే ఝుమ్మని మోచేతిదాకా పాకేస్తోందండి ఆచారిగారూ. తెల్లారేసరికి వేళ్ళన్నీ ఒకటే మంటలు. దెబ్బ చేతికి తెలీకూడదండి. అలాంటి కర్ర ఒకటి చెయ్యాలి."

"డాక్టరుకి చూపించేరా?"

"హాల్లో ఉన్నవన్నీ ఇనప కడ్డీల్లాంటి కర్రలండి. దానికి డాక్టరేం చేస్తాడు?"

ఆచారిగారు మళ్ళీ అడగలేదు. కర్ర కోసం వచ్చిన మనిషితో కర్ర గురించి మాట్లాడటమే మర్యాద అని ఆయన నమ్మకం. ఆ మర్యాదే మా అందరి కొంప ముంచింది.

ఇద్దరూ వారంరోజులు నా కోసం చెక్కలు ఎంచారు. ముందు భాగానికి మేపుల్ అనే సీమకలప, దాని గురించి పేచీ లేదు. వెనక భాగానికి నల్లచేవ అయితే చూడటానికి దర్జాగా ఉంటుందని భద్రంగారికి మనసు లాగింది.

"నల్లచేవది మొండి దెబ్బండి. పనస పెడదాం, మృదంగం చేసేది దాంతోనే. రోజల్లా మృదంగం వాయించినోళ్ళ చేతులు ఏమన్నా అవుతున్నాయా?" అన్నారు ఆచారిగారు.

అలా నా వెనక సగం పనస అయింది. రెండు ముక్కలూ కలిసేచోట ఉక్కు మర పెడితే దెబ్బ సూటిగా చేతికి వస్తుందని కొయ్యతోనే మర తీశారు. బంతికి తగిలే కొసకు మెత్తటి తోలు. అది త్వరగా అరిగిపోతుంది, బంతి కూడా కాస్త బద్ధకంగా కదులుతుంది అని ఆచారిగారు ముందే చెప్పారు. ఫరవాలేదన్నారు భద్రంగారు.

చేత్తో పట్టుకునే చోట నారదారం చుట్టడం మిగిలింది. దారం సంగతి దర్జీకి వదిలెయ్యండి అని భద్రంగారు నన్ను కొట్టుకు తీసుకొచ్చారు. కోటు కాలరులో పెట్టే ఉన్నిగుడ్డ ఒక పొర అతికించి, చాలదని ఇంకో పొర అతికించి, దాని మీద దారం చుట్టారు. మర్నాడు నన్ను చూసి ఆచారిగారు పెదవి విరిచారు.

"ఇంత మెత్త ఎందుకండి? చేతికి కాస్తయినా కబురు అందాలి గదా. బంతి ఎలా తగిలిందో చెప్పేది చెయ్యేనండి."

"చూసుకోడానికి కళ్ళున్నాయి కదండీ," అన్నారు భద్రంగారు.

మొదటి రోజులు నిజంగా పండగే. దెబ్బ నా కొసన పుట్టి తోలులో కొంత, పనసలో కొంత, మిగిలింది ఉన్నిలో ఇంకిపోయేది. ఆయన చేతిదాకా ఏదీ చేరేది కాదు. నాకు గర్వంగా ఉండేది. ఇంటి దగ్గర తెల్లవారుజాము మంటలు మాత్రం ఉన్నాయని హాల్లో స్నేహితులతో చెప్పేవారు. ఆరునెలలు గడిచేసరికి అవీ తగ్గుముఖం పట్టాయి. ఇంకో మూడు నెలలకు పూర్తిగా పోయాయి.

"ఇది కర్ర కాదండీ బాబూ, మందు," అని ఆయన అందరికీ నన్ను చూపించేవారు. నన్ను చూసి మరో నలుగురు ఆచారిగారికి పని చెప్పారు. వాళ్ళకు ఏ నొప్పీ లేదు, అయినా నొప్పి తగ్గించే కర్ర కావలసి వచ్చింది. మనుషులు అంతే.

నాకు మాత్రం అప్పటికే భయం పట్టుకుంది. రోజూ గంటసేపు ఒకే చేతిలో ఉండేదాన్ని, ఆ చేతి సంగతి నాకు తెలియదా? వచ్చిన కొత్తలో ఆయన నన్ను పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవారు. ఇప్పుడు బిగించి పట్టుకుంటున్నారు. ఎంత బిగించినా నేను జారుతున్నాను. బొటనవేలి మొదట్లో ఉండే కండ నెలనెలా పలచబడుతోంది. కొసకు రాసే సుద్దబిళ్ళ వేళ్ళలోంచి పడిపోతే, పడిన చప్పుడు విని గాని చూసుకోవడం లేదు. నొప్పి తగ్గలేదు, చెయ్యే నొప్పిని పోగొట్టుకుంటోంది. చెప్పాలంటే నోరేది? ఒక్కసారి గట్టిగా ఝుమ్మనిపించి భయపెడదామనుకున్నా, నన్ను చేసిందే ఝుమ్మనకుండా. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది.

వానాకాలంలో నా మీది దారం ఒకచోట ఊడింది. తరవాత అతికించవచ్చులే అని భద్రంగారు దర్జీ అలవాటు కొద్దీ దానికి గుండుసూది గుచ్చి, మరిచిపోయారు. నాలుగు సాయంత్రాలు ఆ సూది మొన ఆయన చూపుడువేలిలో దిగుతూనే ఉంది, ఆయన ఆడుతూనే ఉన్నారు. దిగిన ప్రతిసారీ నాకు తెలిసేది. ఆ మనిషికి తెలియలేదు. అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ లేను.

అయిదోరోజు నా గుడ్డసంచి ఉతకడానికి తీసిన చక్రవేణిగారు దారం మీద నెత్తుటి మరకలు చూశారు. సూది చూశారు. మిషను దగ్గరికి వెళ్ళి భర్త చెయ్యి తిప్పి చూశారు. వేలినిండా చుక్కలు.

"ఏవండీ, సూది దిగుతుంటే తెలీలేదా?"

"ఆటలో పడితే ఏం తెలుస్తుందే."

ఆవిడ బల్ల మీది గుడ్డముక్కల్లోంచి ఒకటి తీశారు. "కళ్ళు మూసుకోండి," అని దాన్ని చేతిలో పెట్టారు. భద్రంగారు నవ్వుతూ వేళ్ళ మధ్య నలిపారు. మళ్ళీ నలిపారు. నవ్వు ఆగింది.

"నూలు," అన్నారు.

కళ్ళు తెరిచి చూస్తే అది కోటు లోపల వేసే సిల్కు లైనింగు. ఆవిడ ఆ మధ్యాహ్నమే కొట్టు మూయించి డాక్టరు దగ్గరికి బయల్దేరదీశారు. నన్నూ తీసుకెళ్ళారు, డాక్టరుగారికి చూపించాలని ఆయన పట్టుపట్టారు.

డాక్టరుగారు మణికట్టు మీద తట్టి, వేళ్ళ మీద దూది రాసి, తీగలు పెట్టి ఏదో పరీక్ష చేశారు. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందన్నారు. ముప్పయ్యేళ్ళు పెద్దకత్తెర పట్టిన చెయ్యి.

"మంటలు ఎప్పుడు మొదలయ్యాయి?"

"రెండేళ్ళ కిందటండి. కానీ పూర్తిగా తగ్గిపోయాయండి. ఇదిగోండి, ఈ కర్రతో."

డాక్టరుగారు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి బల్లకు ఆనించారు.

"తగ్గడం కాదండీ, నరం చచ్చుబడిపోతూ వచ్చింది. మంటలున్నప్పుడే వచ్చుంటే చిన్న ఆపరేషనుతో చెయ్యి మీకు దక్కేది. ఇప్పుడు చేస్తే ఇంకా పాడవకుండా ఆగుతుంది. పోయిన స్పర్శ వస్తుందని మాత్రం చెప్పలేను."

భద్రంగారు తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు. "నొప్పి పోయిందని కొబ్బరికాయ కొట్టానండి," అన్నారు.

ఆపరేషను అయి ఏడాది దాటింది. స్పర్శ రాలేదు. ఇప్పుడు కత్తెర చక్రవేణిగారి చేతిలో ఉంది. కొలతలు ఆయన చెబుతారు, గుడ్డ ఆవిడ కోస్తారు. నేను కొట్టులోనే ఉన్నాను. పైన కడ్డీకి తగిలించిన కోట్లు దించడానికి నన్ను వాడుతున్నారు. పని తక్కువదని నాకేమీ చిన్నతనం లేదు, ఆ కోట్లు బరువైనవి.

భద్రంగారు గుడ్డ పరీక్ష మానలేదు. ఎవరైనా గుడ్డ తెస్తే దాన్ని చెంపకు రాసుకుని చూస్తారు. తెలియనివాళ్ళు వింతగా చూస్తారు. చెంప నేర్చుకుంటోంది. పదింటికి ఆరేడు సరిగ్గానే చెబుతున్నారు.

మొన్న గిరాకీ లేని పూట ఆయన నన్ను దించారు. దారం చుట్టిన చోటును చెంపకు ఆనించి పట్టుకుని, "ఇదిగో, ఆ కొస మీద కొంచెం కొట్టు," అన్నారు. చక్రవేణిగారు కత్తెర పిడితో నా తోలుకొస మీద కొట్టారు. ఆయన కళ్ళు మూసుకుని విన్నట్టుగా ఉన్నారు.

"ఇంకాస్త గట్టిగా."

ఆవిడ గట్టిగానే కొట్టారు. ఆ దెబ్బనయినా చేర్చాలని నేను ఎంత తాపత్రయపడ్డానో చెప్పలేను. తోలు కొంత తాగింది, పనస కొంత తాగింది, మిగిలిందంతా ఉన్ని తాగేసింది.

"అబ్బ, ఏమీ తెలియడం లేదే," అన్నారు భద్రంగారు సంతోషంగా. "ఆచారిగారు ఎంత బాగా చేశారో చూశావా."

చక్రవేణిగారు కత్తెర కింద పెట్టారు. నన్ను ఆయన చేతిలోంచి తీసుకుని మూలన నిలబెట్టారు.