మూడో మలుపు దగ్గర

రజిత పోయి ఆరు నెలలైంది. మెదడువాపు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది నాలుగేండ్ల పిల్ల. అప్పటినుంచి తల్లి బాలలక్ష్మి అన్ని పనులూ చేస్తూనే ఉంది. వండుతుంది, మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది, ఎవరైనా పలకరిస్తే బదులిస్తుంది. సిరిసిల్లలో వాళ్ల గల్లీ ఆడవాళ్లు ఏడిస్తే గుండె బరువు దిగుతుందని మొదట్లో ఆమెను ఏడిపించాలని చూశారు. తర్వాత వదిలేశారు.

ఆమె మగడు సిద్దిరాములు మరమగ్గాల మెకానిక్కు. అతనిదీ అదే వాలకం.

ఒకనాడు బడిలో డ్రిల్లు సారు రామచంద్రం మగ్గాల షెడ్డుకు వచ్చి ఒక పత్రికలో బొమ్మ చూపించాడు. ఎవరో విదేశీయుడు చక్రాల చెక్క మీద నిలబడి కొండ రోడ్డు దిగుతున్నాడు. దాన్ని స్కేట్‌బోర్డు అంటారట.

"మన దిక్కు ఇట్ల ఘాటు రోడ్డు దిగినోడు ఒక్కడు లేడు సిద్దిరాములూ. ఎవడన్న దిగితే రికార్డు పుస్తకంల పేరెక్కుతది" అన్నాడు, ఊసుపోక.

సిద్దిరాములు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. వారం తిరగకముందే టేకు చెక్క కోయించి, దాని కింద నాలుగు బేరింగులు బిగించాడు. రోజూ పొద్దున మానేరు వైపు వాలులో నేర్చుకున్నాడు. మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొస్తే బాలలక్ష్మి పసుపు పెట్టేది. ఎందుకిదంతా అని అడగలేదు.

ఒకసారి అతనే అన్నాడు. "అంత జోరుగ దిగుతుంటె గూడ ఏమనిపిస్తలేదే."

"నాకు గూడ" అంది ఆమె, పసుపు డబ్బాకు మూత పెడుతూ.

1991 జనవరిలో ఒక ఆదివారం పొద్దున వాళ్లు నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాటుకు చేరారు. పైనుంచి కిందికి నాలుగు కిలోమీటర్లు, పాదం నేల తాకకుండా, కూర్చోకుండా దిగాలి. రామచంద్రం పెట్టిన షరతు అది. షెడ్డులో తోటి పనివాడు హనుమండ్లు స్కూటరు మీద వెనకాల వస్తాడు. కింద రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీసి, గడియారం పట్టుకుని రామచంద్రం నిలబడ్డాడు. పక్కన బాలలక్ష్మి.

"భయమైతుందా చెల్లె?" అన్నాడాయన.

ఆమె తనలో వెతుక్కుంది. మగడు ఈ పూట చచ్చిపోవచ్చు అని మనసులోనే అనుకుని చూసింది. ఆ మాట వచ్చింది, పోయింది. లోపల ఏదీ కదలలేదు.

"లేదు సారూ" అంది.

కాసేపటికి పైనుంచి ఇనుము తారును గీరుతున్న చప్పుడు వినిపించింది. మలుపు తిరిగి సిద్దిరాములు కనబడ్డాడు. మోకాళ్లు వంచి, చేతులు చాచి నిలబడే ఉన్నాడు. చొక్కా గాలికి ఉబ్బింది. సున్నపు గీతను దాటాడు కానీ ఆగలేకపోయాడు. రోడ్డు పక్క కంకరలో చెక్క తిరగబడి, అతను రెండు పల్టీలు కొట్టి పడ్డాడు.

రామచంద్రం పరుగెత్తాడు. బాలలక్ష్మి నడిచి వెళ్లింది. అతని మణికట్టు వంకర తిరిగి ఉంది. ఆమె తన కొంగు చింపి దాన్ని కట్టసాగింది.

అప్పుడు స్కూటరు వచ్చింది. "నిలబడే వచ్చిండు సార్! మొత్తం నేను చూసిన" అని హనుమండ్లు కేక వేశాడు.

"ఇంకేంది మరి! నువ్వు గెలిచినవు సిద్దిరాములూ" అంటూ రామచంద్రం రికార్డుకు పంపాల్సిన సాక్ష్యం కాగితం తియ్యడానికి సంచి దగ్గరికి పోయాడు.

సిద్దిరాములు పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. "మూడో మలుపు కాడ చెక్క మీద కూసున్న, మల్ల లేసిన" అన్నాడు మెల్లగా. "హనుమండ్లు వెనుకవడ్డడు, ఆనికి కనవడలే. కింద లోయ కనవడ్డది బాలలక్ష్మీ. సస్తననుకున్న. నాకు భయమైంది."

చెబుతుంటేనే అతని ముఖం ఎర్రబడి, కళ్లనుంచి నీళ్లు కారాయి. ఆమె ఆ ముఖాన్నే చూసింది. అసూయలాంటిదేదో కొద్దిగా కలిగింది.

"సారుకు చెప్తవా?"

"చెప్త."

చెప్పాడు. రామచంద్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎవలు చూడలేదు గదా" అన్నాడు చివరికి, జాలిగా.

"నేను కూసున్న గద సారూ."

హనుమండ్లు తల వంచుకుని చెక్కను స్కూటరుకు కట్టాడు.

నిర్మల్‌లో చేతికి పట్టీ కట్టించుకుని, ఇంటికి పోవడానికి మెట్‌పల్లి బస్సెక్కారు. కుదుపు కుదుపుకూ సిద్దిరాములు మూలుగుతున్నాడు. మధ్యలో రజిత పేరు చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముందు సీటు ముసలావిడ తిరిగి చూసింది. బాలలక్ష్మి అతని తలను తన భుజం మీద ఆనించుకుంది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఎట్లనిపించింది నీకు?" అని అడిగింది.

"ఏంది?"

"గా భయమైనప్పుడు."

అతను ఆలోచించాడు. "కడుపుల సల్లగైంది. నోరు ఎండిపోయింది. ఇంటికి పోవాలె అనిపించింది. కింద నువ్వున్నవని యాదికొచ్చింది."

ఆమె కిటికీలోంచి పసుపు చేలను చూసింది.

"ఇంకొకపారి చెప్పు" అంది.

అతను మొదటినుంచి మళ్లీ చెప్పాడు.