రోజుకో జబ్బు చేసే బండి

వదిన తన బండి తాళంచెవి తెచ్చి నా బల్ల మీద ఠపీమని పెట్టింది. వారం తిరక్కుండా ఇది మూడోసారి.

"గేర్ల డాక్టరమ్మా, నీ మందు రోగికి పడలేదు," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు చెడితే ఈ చుట్టుపక్కల ఎవరైనా ముందు నా షెడ్డుకే వస్తారు. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ బాగుచేసి, సొంత అన్నయ్య ఇంటి బండి దగ్గర బోల్తా పడితే నా పరువేం కాను? "వేళాకోళం తర్వాత. ఏమైందో చెప్పు. మొన్నటి కుదుపేనా?" అన్నాను.

"కుదుపు పోయింది తల్లీ. మొదటి రోగం తిరగబెట్టింది. తొక్కితే ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం ఈసురోమంటూ కదులుతోంది. వంతెన ఎక్కడానికే ఇంత బాధపడితే ఎల్లుండి కొండేం ఎక్కుతుంది?"

ఎల్లుండి అంటే సోమవారం. కొండమీద ఉన్న చిన్న చిన్న ఆసుపత్రులు తిరిగి, రక్తం శాంపిళ్ళు తీసుకుని కిందనున్న ల్యాబుకు చేర్చే పని వదినకు ఆ రోజు నుంచే మొదలు. నలభై దాటిన మనిషి. ఎన్ని చోట్ల పని అడిగిందో, ఎంతమంది "చూసి చెబుతాం" అని మళ్ళీ చూడలేదో నాకు తెలుసు. వాళ్ళ నాన్న ఇచ్చిన ఈ ముసలి కారు ఉండబట్టే చివరికి ఒకచోట సరేనన్నారు. ల్యాబు మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడట, మొదటి రోజే బండి రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని.

వదిన నవ్వుతూనే ఉంది గానీ చేతిసంచీ పట్టీని మెలిపెడుతూనే ఉంది. "నిజం చెప్పవే, దీని పని అయిపోయిందా?" అని అడిగింది.

"ముందు నా పని అయిపోయేట్టుంది. కూర్చో," అన్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు నేనేం ఆషామాషీగా చూడలేదు. ఇంజను బాగా వేడెక్కాక, అది నడుస్తుండగానే గేర్‌బాక్సు ఆయిల్ కొలిచాను. పుల్లను తెల్లగుడ్డకు తుడిస్తే ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. కింది పాన్ విప్పి అందులోని అయస్కాంతం చూశాను. మెత్తటి బూడిదరంగు మడ్డి తప్ప ఇనుప రజను లేదు. అంటే లోపల అంతా బాగానే ఉన్నట్టు. చివరికి కేబుల్ దగ్గర దొరికింది. ఈ పాతకాలం బండ్లలో మనం యాక్సిలరేటర్ ఎంత తొక్కామో గేర్‌బాక్సుకు చెప్పేది ఒక సన్నటి కేబుల్. అది వదులైతే గేరు తొందరపడి మారుతుంది, పట్టు జారి ఇంజను ఊరికే అరుస్తుంది. మరీ బిగిస్తే గేరు ఆలస్యంగా మారుతుంది, మారినప్పుడల్లా నడుం విరిగేలా కుదుపుతుంది. ఏళ్ళ తరబడి లాగి లాగి ఆ కేబుల్ సాగిపోయింది పాపం. నట్లు తిప్పి సరిచేశాను. బండి వెన్నలా నడిచింది.

రెండు రోజులకే కుదుపు అంటూ వచ్చింది. చూస్తే కేబుల్ బిగుసుకుపోయి ఉంది. సరిచేసి పంపాను. ఇప్పుడు చూస్తే వదులు! పాత కేబుల్ ఇంకా సాగిందంటే నమ్ముతాను. ఒకరోజు బిగిసి ఇంకోరోజు సాగడమేమిటి, నా మొహం! బండికి జబ్బు చేస్తుంది గానీ రోజుకో జబ్బు చెయ్యదు.

ఆ మధ్యాహ్నమంతా కాలు కాలిన పిల్లిలా షెడ్డులో తిరిగాను. కేబుల్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ పగిలిందేమో అని చూశాను, పగల్లేదు. ఇంజను కింది రబ్బర్లు చచ్చి ఇంజనే ఊగుతోందేమో అని కడ్డీ పెట్టి ఎత్తి చూశాను, అవీ గట్టిగానే ఉన్నాయి. కొత్త కేబుల్ కోసం పాతసామాన్ల కొట్లన్నిటికీ ఫోన్ చేశాను. "ఆ బండి ఇంకా బతికే ఉందా అక్కా?" అని నవ్వినవాళ్ళే గానీ ఉందన్నవాళ్ళు లేరు. అన్నం ముందు కూర్చున్నా నట్లే కళ్ళముందు తిరిగాయి. ఏం తిన్నానో కూడా తెలియదు.

చివరికి మళ్ళీ సరిచేసి, రెండు నట్లనూ ఒకదానికొకటి అదిమి బిగించి, వాటి మీదుగా బ్రాకెట్ దాకా తెల్లరంగుతో సన్నటి గీత గీశాను. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి కనబడుతుంది. మా పనిలో ఇది మామూలే. వదినను ఎక్కించుకుని వంతెన ఎక్కించి దింపాను. గేరు మారినట్టే తెలియలేదు.

"ఇంక నీదే ఆలస్యం," అన్నాను.

"నా తల్లే!" అని వదిన నా బుగ్గ గిల్లింది, అక్కడికి నేనేదో పలకా బలపం పట్టుకున్న పిల్లనైనట్టు.

సోమవారం పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుంటే ఫోన్ మోగింది. వదిన గొంతులో వేళాకోళం లేదు. "చిన్నీ, మళ్ళీ అదే. వీధి చివర ఎత్తు కూడా ఎక్కలేదే. వెనక్కి తెచ్చి ఇంటిముందు పెట్టాను. వాళ్ళకు ఫోన్ చేసి రాలేనని చెప్పెయ్యనా?"

"చెప్పావంటే చంపేస్తా. వస్తున్నా!" అని నోట్లో నురగతోనే అరిచి, పానాల సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాను.

వాళ్ళ ఇల్లు మా వెనక వీధిలోనే. కింద అన్నయ్య బట్టలు కుట్టే కొట్టు, పైన కాపురం. వదిన బండి పక్కన నిలబడి ఊరికే గడియారం చూసుకుంటోంది. శాంపిళ్ళు పెట్టే చల్లటి పెట్టెను వెనక సీట్లో పెట్టి, పసిపిల్లకు పెట్టినట్టు దానికి బెల్టు కూడా పెట్టింది. అన్నయ్య మెడలో టేపు వేసుకుని కొట్టు గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూసి పలకరించలేదు.

బానెట్ ఎత్తాను. తెల్లగీత తెగింది. నట్ల మీది రంగు ఒకచోట, బ్రాకెట్ మీది రంగు ఒకచోట ఉన్నాయి. నట్లు రెండూ మాత్రం గట్టిగా బిగించి ఉన్నాయి. అదురుకు నట్టు వదులవుతుంది, ఒప్పుకుంటాను. వదులై, పక్కకు జరిగి, మళ్ళీ తనంతట తనే బిగుసుకునే నట్టును నా జన్మలో చూడలేదు. పైగా దాని మూలలు గీసుకుపోయి మెరుస్తున్నాయి. నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే పానాతో తిప్పితేనే అలా గీసుకుపోతాయి. కుట్టుమిషను బిగించుకోవడానికి అన్నయ్య దగ్గర అలాంటిది ఒకటుంది.

నా మతిమండ, అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి వదినతో పాటు షెడ్డుకు వచ్చి టార్చి పట్టుకున్నది అన్నయ్యే. ఏనాడూ బండి ఊసెత్తని మనిషి, ఇది ఎటు తిప్పితే ఏమవుతుందే అని అడిగాడు. నా పని గురించి అడిగే మనిషి దొరికాడు కదా అని నేను సంబరంగా పాఠమంతా చెప్పాను.

"అన్నయ్యా, ఇలా రా. ఇది నీ పనేనా?" అన్నాను.

"నాకేం తెలుసే నట్లూ గిట్లూ!" అన్నాడు.

నేను నట్టు మాట ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"సిగ్గులేదూ నీకు?" అని వీధంతా వినబడేలా అరిచాను. "ఇన్నాళ్ళకు ఆవిడకో పని దొరికితే ఓర్వలేకపోయావా? అంత కుళ్ళా?"

"కుళ్ళు కాదే."

"మరి?"

అన్నయ్య మెడలో టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. "మొన్న వానల్లో ఆ కొండ మలుపులో వ్యాను లోయలో పడలేదూ? దాన్ని నడిపినాయన నా దగ్గరే బట్టలు కుట్టించుకునేవాడు. ఆ వారమే కొలతలిచ్చి వెళ్ళాడు. గుండీలు కూడా కుట్టి ఉంచాను. ఎవరూ రాలేదు. ఆ చొక్కా ఇంకా నా నెత్తి మీదే వేలాడుతోంది, రోజూ దాని కిందే కూర్చుని మిషను తొక్కుతున్నా. ఈవిడ అదే దారిలో రోజూ వెళ్తానన్న దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదే. బండి మొరాయిస్తే తనే మానేస్తుందనుకున్నా."

జాలేసింది. జాలితో పాటే కోపమూ వచ్చింది. "మొరాయించేది వీధి చివరే అని నీకెవరు చెప్పారు? వేడెక్కాక కొండ సగంలో పట్టు జారి ఉంటే? అదే మలుపులో జారి ఉంటే?"

ఆ సంగతి అన్నయ్యకు తట్టనే లేదు. గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"ముందు బండి సంగతి చూడవే," అని వదిన నాతో అంది. నేను నట్లు విప్పుతుంటే వెళ్ళి అన్నయ్య ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఇన్నేళ్ళ కాపురంలో నాతో చెప్పలేని మాట ఉందా? వెళ్ళొద్దని ఒక్కసారి అడగలేకపోయారా?"

"అడిగితే ఆగుతావా?"

"ఆగను."

"మరి అడిగి ఏం లాభం?"

"ఆగను. కానీ నాకోసం ఇక్కడ ఒక మనిషి ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నాడని తెలిస్తే, ఆ మలుపులో ఇంకాస్త మెల్లగా పోతాను. చాటుగా నట్లు తిప్పితే నాకేం తెలుస్తుంది? అడగండి."

నేను కేబుల్ సరిచేసి, నట్లు బిగించి, బానెట్ వేశాను. వదిన ఎక్కి ఇంజను స్టార్ట్ చేసింది. గేరు వేసి, బ్రేకు మీద కాలు పెట్టి, అద్దం దించి అలాగే కూర్చుంది. టైము దాటిపోతోంది. నాకు కాళ్ళు నిలవడం లేదు.

"ఆ మాటేదో అఘోరించు అన్నయ్యా, ఆవిడ పని పోతుంది!" అన్నాను.

అన్నయ్య లేచి వచ్చి బండి తలుపు మీద చెయ్యి వేశాడు. "వెళ్ళొద్దే," అన్నాడు. "నాకు భయంగా ఉంది. వెళ్ళొద్దు."

వదిన మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"వెళ్ళొస్తానండీ," అంది.

అన్నయ్య తలుపు మీంచి చెయ్యి తీశాడు.